డొంక దారిలో హక్కూ, హద్దూ

మా వైపు పొలాల మధ్య నుంచి పోయే బండి దారిని డొంక అంటారు. గోదావరి జిల్లాల వాళ్లు పుంత అంటారు. ఒక ఎద్దుల బండి వస్తుంటే ఇంకో బండి పక్కకి ఒరిగి దారివ్వగలిగినంత వెడల్పు. మధ్యలో గడ్డి, రెండు వైపులా చక్రాల గాళ్లు, గట్ల మీద చిల్లకంప, జిల్లేడు, అక్కడక్కడా ఒక వేపచెట్టు. డొంక ఎవరి జాగీరూ కాదు. అందులో గేదెలు పోతాయి, కూలికెళ్లే ఆడవాళ్లు పోతారు, ట్రాక్టరు పోతుంది, బారాత్ పోతుంది, జనాజా పోతుంది. ఈ మధ్య గేరు సైకిళ్లు కూడా పోతున్నాయి. ఇవాళ్టి ఖిస్సా ఈ ఆఖర్న వచ్చిన వాటి గురించి.

నాకు 46 ఏళ్లు. నాదెండ్లలో ఉంటాను, చిలకలూరిపేటలో పని. నాలుగేళ్ల కింద డాక్టరు షుగరు వచ్చిందని చెప్పి రోజూ నడవమంటే, నడవడం విసుగేసి సైకిలు కొన్నాను. లావు టైర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగు, రెండు చక్రాలకీ డిస్కు బ్రేకులు. కొండల మీద తొక్కే రకం. మా అమ్మీ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంత పైసా పోసి కొన్నావు, క్యారియరే లేదు కదరా! బియ్యం బస్తా ఎక్కడ పెడతావు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఫజర్ అయ్యాక బయల్దేరతాను. ఒకరోజు సాతులూరు వైపు, ఒకరోజు తూబాడు వైపు, ఒకరోజు సాగర్ కాలువ కట్ట మీద. ఆదివారం మాత్రం కొండవీడు. నాతో పాటు ముగ్గురు నలుగురు దోస్తులు. ఒకాయన కరెంటు లైన్‌మన్, ఒకాయన గణపవరంలో స్పిన్నింగు మిల్లు సూపర్‌వైజరు, ఒకాయన ట్యూషన్లు చెప్పే మాస్టారు. మధ్యమధ్యలో మా భాంజా, వాడి కాలేజీ దోస్తులు వచ్చి కలుస్తారు. తార్రోడ్డు మీద తొక్కొచ్చు కదా అంటారు చాలామంది. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల కప్పుతో సైకిళ్లకే వేరే దారి వేశారు, 2023లో. మాకు అలాంటిది లేదు. ఉన్నది 16వ నంబరు జాతీయ రహదారి. అక్కడ లారీ గాలికే సైకిలు ఊగిపోతుంది. అందుకే డొంకలోకి దిగాం. దిగాక తెలిసింది, ఇక్కడి ఖత్రాలు వేరే కిస్మువని.

మొదటి దుష్మన్ ముల్లు. చిల్లకంపకి ఇంకో పేరు సర్కారు తుమ్మ. సర్కారు పేరు పెట్టుకున్నది ఏదైనా సరే, ఒకసారి పాతుకుపోయాక తీయడం కష్టం కదా. రైతు కంచె కోసం కొట్టిన కంప ఎండి దారి మీద పడుంటుంది. దాని ముల్లు టైరులో దిగితే బయటికి కనపడదు, ఇంటికొచ్చాక రాత్రికి గాలి దిగుతుంది. ఇక వేసవిలో పల్లేరుకాయలు. ఒక్క గజం దారిలో పది గుచ్చుకుంటాయి. అందుకే మేం ట్యూబులో జిగురు ద్రవం పోయిస్తాం. ముల్లు పడితే ఆ కన్నాన్ని లోపల్నుంచి అదే మూసేస్తుంది.

రెండోది మన్ను. పల్నాడు నల్లరేగడి ఎండాకాలంలో ఇనుము, వానాకాలంలో హల్వా. ఒక్క వాన పడితే చాలు, చక్రం రెండు చుట్లు తిరిగేసరికి టైరుకీ ఫోర్కుకీ మధ్య మన్ను కూరుకుపోయి చక్రం బిగిసిపోతుంది. సైకిలు మనల్ని మోయదు, మనమే సైకిల్ని మోయాలి. దాన్ని మించి, తడి డొంకలో తొక్కితే టైరు గాడి పడుతుంది. ఎండాక ఆ గాడి రాయిలా గట్టిపడి, దాంట్లో ముసలాయన కాలు మడత పడొచ్చు. అందుకే వానపడ్డ రెండు రోజులూ డొంకలోకి పోం. ఇది మా సైకిళ్ల కోసం పెట్టుకున్న ఉసూల్ కాదు, దారి కోసం పెట్టుకున్నది.

మూడోది తీగ. ఇది చెప్పాలంటే ఒళ్లు జలదరిస్తుంది. అడవి పందులు మొక్కజొన్న చేనుని ఒక్క రాత్రిలో తుడిచిపెట్టేస్తాయి. ఆ కోపంతో కొందరు చేను చుట్టూ తీగ లాగి, స్తంభం మీద నుంచి దొంగగా కరెంటు కలుపుతారు. చట్టం దీన్ని ఒప్పుకోదు. పందుల కన్నా ముందు ఆ తీగకి మనుషులు పోయిన ఖబర్లు ప్రతి ఏడాదీ పేపర్లో చూస్తూనే ఉన్నాం. చీకట్లో నీళ్లు కట్టడానికి పోయిన పక్కచేను రైతో, పెట్టిన రైతే మర్చిపోయి తగిలో. మా లైన్‌మన్ దోస్త్ మాకు మొదటిరోజు చెప్పింది ఒకటే: "చీకటుండగా చేలో దిగొద్దు. ఒంటేలుకైనా సరే, డొంక దాటొద్దు." మేం వెలుగు వచ్చాకే తార్రోడ్డు దిగుతాం.

కుక్కలు, పాములు, టిప్పర్ల సంగతి మీకు తెలిసిందే. కుక్క వెంటపడితే వేగం పెంచకూడదు, దిగి సైకిల్ని మధ్యలో అడ్డం పెట్టుకుని నెమ్మదిగా నడవాలి. పరిగెత్తేదాన్ని తరమడం దాని ఫిత్రత్. నిలబడ్డవాడి మీద దానికి అంత షౌక్ ఉండదు.

కానీ ముల్లుకీ, మన్నుకీ, కుక్కకీ ఉపాయం ఉంది. మనుషుల దగ్గరే అసలు ఇంతెహాన్.

తల మీద చొప్ప మోపు పెట్టుకుని నడిచే మనిషిని మీరెప్పుడైనా జాగ్రత్తగా చూశారా? ఆమె మెడ తిప్పలేదు. మోపు రెండు వైపులా చెవుల్ని కప్పేసి ఉంటుంది. వెనక నుంచి వచ్చే సైకిలు చప్పుడు ఆమెకి వినపడదు, ఈ గేరు సైకిళ్లకి చప్పుడు అసలే తక్కువ. రెండు గజాల దూరంలో గంట కొడితే ఉలిక్కిపడి అడుగు పక్కకి వేస్తుంది. ఎటు వేస్తుందో ఆమెకే తెలియదు. మోపు పడిపోతే మళ్లీ తలకెత్తడానికి ఇంకో మనిషి కావాలి. కాబట్టి దూరం నుంచే, "అమ్మా, వెనకాల సైకిలు వస్తోంది" అని గొంతుతో చెప్పాలి, ఆమె ఆగేదాకా మనం ఆగాలి, దిగి నడిపించుకుంటూ దాటాలి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, మా అబ్బాజాన్‌ని చూసి తెలుసుకున్నాను.

అబ్బా సైకిలు మీద సిల్వరు గిన్నెలు అమ్మేవారు. 22 అంగుళాల నల్ల సైకిలు, వెనక క్యారియరు మీద చెక్క, చెక్క మీద గంపలు, హ్యాండిలుకి వేలాడే మూతలు. ఇర్లపాడు, చందవరం, అప్పాపురం, అన్నీ డొంకల్లోనే. ఆయన వస్తున్నట్టు అరమైలు ముందే ఊరికి తెలిసేది, ఆ మూతల చప్పుడికి. అయినా సరే ఎదురుగా మనిషి కనపడితే దిగేవారు. "బేటా, సైకిలెక్కినోడు బలమున్నోడు. బలమున్నోడే దిగాలి" అనేవారు. దీనికి ఆయన పెట్టుకున్న పేరు రాస్తే కా హక్. దారికి కూడా మన మీద ఒక హక్కుంటుందని. దారిలో ముల్లుంటే తీసి పారేయడాన్ని మా ఇళ్లలో సదఖా కింద లెక్కేస్తారు. ఆయన ఆ లెక్కన రోజుకి ఎంత సదఖా చేశారో అల్లాకే తెలుసు.

ఆయన పోయి పదకొండేళ్లు. ఆ పేరు ఇంకా నాకు పనికొస్తూనే ఉంది. మొన్న చలికాలంలో ఒకరోజు తెల్లారుతుండగా ముగ్గురు మనుషులు డొంకలో నన్ను ఆపారు. ఒకాయన చేతిలో కర్ర. ఆ నెలలో చేలల్లో మోటారు వైర్లు కోసి రాగి ఎత్తుకుపోతున్నారు, వరసగా నాలుగు మోటార్లు పోయాయట. నా తలకి హెల్మెట్టు, ముఖానికి చలికి కట్టుకున్న గుడ్డ, వీపుకి సంచి. వాళ్ల జాగాలో నేనున్నా ఆపుతాను. "ఎవరు నువ్వు? ఈ టైములో ఇక్కడేం పని?" నేను గుడ్డ తీశాను, గడ్డం కనపడింది. వాళ్ల చూపులు ఇంకొంచెం బిగిశాయి, అది కూడా చూశాను. నా పేరు చెప్పలేదు. "నాదెండ్ల గిన్నెల సాయిబు కొడుకుని" అన్నాను. కర్ర దిగింది. "గిన్నెల సాయిబు కొడుకువా నువ్వు! మా అమ్మ దగ్గర ఇప్పటికీ ఆయనిచ్చిన డేగిసా ఉంది" అని పెద్దాయన నవ్వాడు. టీ తాగి పొమ్మన్నారు. తాగాను.

అయితే ఇంటికొస్తూ ఒకటే ఖయాల్. గణపవరం మిల్లుల్లో ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన పిల్లలు పనిచేస్తారు. రాత్రి షిఫ్టు దిగి, లైటు లేని పాత సైకిళ్ల మీద ఇవే దారుల్లో గదులకి పోతుంటారు. వాళ్లని ఆపితే చెప్పుకోవడానికి ఏ గిన్నెల సాయిబు ఉన్నాడు? తెలుగు కూడా రాదాయె. దారి అందరిదీ అంటాం గానీ, ఎవరి కొడుకువో చెప్పగలిగిన వాడికే అది పూర్తిగా తెరుచుకుంటుంది. మా సూపర్‌వైజరు దోస్తుతో మాట్లాడి, చక్రాలకి మెరిసే రేకులు, వెనక ఎర్ర దీపం, తలా వంద రూపాయల లోపు ఖర్చుతో ఇరవై సైకిళ్లకి పెట్టించాం. దొంగ దీపం వేసుకుని రాడు కదా. ఆ తర్వాత ఆ పిల్లల్ని ఆపడం తగ్గిందని వాళ్లే చెప్పారు.

ఇక అసలు గొడవకి వస్తాను.

మార్చి నెల. మిరపకాయ కోతలు అయిపోయి కల్లాల్లో ఎర్రటి తివాచీలు పరిచినట్టు ఆరబోస్తున్న రోజులు. ఒక ఆదివారం మా భాంజా, వాడి దోస్తులు ఇద్దరు, పెద్దవాళ్లు ఎవరూ తోడు లేకుండా డొంకలోకి పోయారు. హెల్మెట్టుకి కెమెరా కట్టుకుని రీలు తీయాలట. మలుపు దాటగానే ఎదురుగా కల్లం. కల్లంలో పట్టని కాయ డొంక మీద కూడా పరదాలేసి ఆరబోసి ఉంది. బ్రేకు వేసే వేగంలో లేరు. పరదాల మీద నుంచి పోయారు, పక్కన చేలోకి దిగి, డ్రిప్పు పైపులు తొక్కుకుంటూ మళ్లీ డొంకెక్కారు. ఆగలేదు. ఆ రీలు సాయంత్రానికి ఊరంతా చూసింది.

ఆ చేను ఒక కౌలు రైతుది. నలిగిన మిరపకాయ అంటే మీకు చిన్నగా అనిపించొచ్చు. కాయ పగిలి గింజ రాలితే అది గుంటూరు యార్డులో తాలు కింద లెక్క. తాలుకి ధర సగం కూడా రాదు. ఒక టిక్కీ సరుకు పాడైంది, పైపులు మూడు చోట్ల చీలాయి. మూడోరోజు పొద్దున చూస్తే డొంక మొదట్లో రెండు రాతి కూసాలు, మధ్యలో మూడు వరసల ముళ్లతీగ. కౌలు రైతు వేయలేదు, గుంటూరులో ఉండే భూమి ఆసామి మనుషుల్ని పంపి వేయించాడు. ఒక గుడ్డపీలిక కూడా కట్టలేదు. మసక వెలుతురులో వస్తున్న మా లైన్‌మన్‌కి ఆఖరి క్షణంలో తీగ కనపడింది, గొంతుకి జానెడు దూరంలో. గేదెలు తిరిగిపోయాయి. కూలికెళ్లే ఆడవాళ్లు రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగారు. వాళ్ల నోట వచ్చిన మాటలు మాకు చేరాయి: "ఆ సైకిలోళ్ల పుణ్యమే ఇదంతా."

నేను భాంజాని వెంటబెట్టుకుని ఆ రైతు దగ్గరికి పోయాను. అరవై దాటిన మనిషి. మమ్మల్ని చూసి లేవలేదు, కాయలు ఏరుతూనే ఉన్నాడు.

"ఏం సాయిబూ, మీ కుర్రోళ్లకి రోడ్లు లేవా? ఏడాది పెట్టుబడి అంతా ఇక్కడే ఆరబోసుకున్నా. ఎగరడానికి నా కల్లమే దొరికిందా?"

"తప్పు మా పిల్లలది మామా. నష్టం కట్టిస్తాను. ముందు వీడు మీతో మాట్లాడాలి" అన్నాను.

వాడు మాఫీ అడిగాడు. ఆయన వాడి వంక కాసేపు చూసి, "మాఫీ సరే. తాలు ఏరడం వచ్చా?" అన్నాడు. రాదన్నాడు. "కూచో, నేర్పుతా." ముగ్గురు కుర్రాళ్లూ రెండు రోజులు కూలి ఆడవాళ్ల పక్కన కూర్చుని తాలు ఏరారు. చేతులు మండి, కళ్లు మండి, రాత్రి నిద్ర పట్టలేదు వాళ్లకి. టిక్కీ ఖరీదు, పైపుల ఖరీదు ముగ్గురి ఇళ్ల వాళ్లం పంచుకుని ఇచ్చాం. ఆ రీలు కూడా తీసేశారు. ఎవరూ తీసేయమని చెప్పలేదు, వాళ్లంతట వాళ్లే తీసేశారు.

కౌలు అనే మాట మన తెలుగులోకి ఖౌల్ నుంచి వచ్చింది. ఖౌల్ అంటే ఇచ్చిన మాట. హక్కు మనదే, హద్దు మనదే, రెండూ అరబీ నుంచి నడిచొచ్చి తెలుగు అయిపోయాయి. తహశీల్దారు, ఫసలీ, జమాబందీ, దస్తావేజు, కబ్జా. భూమి గురించి మాట్లాడాలంటే సాయిబుల మాటలు లేకుండా నోరు తిరగదు పల్నాడు రైతుకి. ఆశ్చర్యం ఏమీ లేదు. పక్కనున్న కొండవీడుని 16వ శతాబ్దం చివర్లో కుతుబ్‌షాహీలు గెలిచి ముర్తజానగర్ అని పేరు పెట్టారు. 1788లో కంపెనీ చేతికి పోయేనాటికి కూడా ఈ గుంటూరు సర్కారుని ముర్తజానగర్ సర్కారనే పిలిచేవారు. పేరు పోయింది, లెక్కల భాష మిగిలింది.

రైతుతో సుల్హ్ అయింది గానీ తీగ తీయలేదు. ఆసామి ఫోనులో చెప్పిన మాట ఒకటే: "అది మా పట్టాలోది. మా ఇష్టం." పక్క ఊరి నుంచి ఒక కుర్రాడు కట్టరు తీసుకొచ్చి రాత్రికి రాత్రి తీగ కోసేద్దాం అన్నాడు. వద్దన్నాం. తీగ కోస్తే మోటారు వైర్లు కోసేవాళ్లకీ మనకీ ఫరక్ ఏముంటుంది? సచివాలయంలో సర్వేయరుకి అర్జీ పెట్టాం. అర్జీ మీద సైకిలోళ్ల సంతకాలు అయిదే, కూలి ఆడవాళ్ల వేలిముద్రలూ సంతకాలూ 31. ముందు నిలబడింది వాళ్లే.

సర్వేయరు ఎఫ్ఎంబీ నకలు పట్టుకుని వచ్చాడు. పటంలో ఆ డొంక స్పష్టంగా ఉంది, పోరంబోకు అని, వేరే సర్వే నంబరుతో. గొలుసు పరిచి కొలిచారు. కాగితం మీద 33 లింకులు, అంటే దాదాపు 22 అడుగులు. నేల మీద 19 లింకులు, పన్నెండున్నర అడుగులు. ఈ కొలత గొలుసుని 1620లో తయారుచేసినాయన పేరు ఎడ్మండ్ గుంటర్, ఇంగ్లీషాయన. మన గుంటూరుకీ ఆయనకీ ఏ రిష్తా లేదు గానీ, పేరు విని సర్వేయరుతో సహా అందరం నవ్వుకున్నాం. ఆరోజు అందరూ కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

మిగతా 14 లింకులు ఎటు పోయాయి? ఎవరూ ఒక్కరోజులో తినలేదు. అరక తోలేటప్పుడు ఏడాదికి ఒక చాలు. ఈ పక్క ఒక చాలు, ఆ పక్క ఒక చాలు. నలభై ఏళ్లలో దారి సగమైంది. ఆసామి వైపు ఏడు లింకులు లోపలికి పోయాయి. ఎదుటి వైపు కూడా ఏడు పోయాయి. ఎదుటి చేను ఎవరిదనుకున్నారు? మా సూపర్‌వైజరు దోస్తు వాళ్ల సొంత మేనమామది. మా వాడి ముఖం ఆ క్షణంలో చూడాలి. హక్కు అడగడానికి పోయినవాడికి, ముందు తన ఇంటి హద్దు కనపడింది.

చట్టం మా వైపే ఉంది. ఇరవై ఏళ్లు అడ్డు లేకుండా నడిచిన దారి మీద నడిచే హక్కుని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టమే ఒప్పుకుంటుంది. ఇది ఏకంగా పోరంబోకు డొంక. ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తీసేయించమని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. ఆ కాగితాలు నా సంచిలో ఉన్నాయి. రచ్చబండ దగ్గర వాటిని బయటికి తీయలేదు. మా దోస్తే లేచి, "మా మామయ్య చేత ముందు మేం వెనక్కి జరిపిస్తాం. తర్వాత మీరు జరగండి" అన్నాడు. మేనమామ అక్కడే ఉన్నాడు. కోపంతో లేచిపోతాడనుకున్నాం, తల కిందికి దించుకుని కూర్చున్నాడు గానీ కాదనలేదు. ఆసామి తరఫున వచ్చిన అల్లుడు ఫోను చేసుకుని వచ్చి, తీగ తీస్తాం, పంట చేతికొచ్చాక చెరో మూడున్నర అడుగులు వదులుదాం, మిగతాది రీసర్వేలో తేలినట్టు చేద్దాం అన్నాడు. 22 అడుగులు రాలేదు. పూర్తి ఇన్సాఫ్ కాదిది. కానీ మర్నాడు పొద్దున్నే గేదెలు పోయాయి, ఆడవాళ్లు పోయారు, ఆఖర్న మేం పోయాం.

ఈ లడాయి మనదొక్కరిదే అనుకోకండి. ఈ కొండ సైకిళ్లు పుట్టినచోటే మొదలైంది. కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ అని ఉంది, టమల్‌పాయిస్ కొండ పక్కన. 1976 అక్టోబరు 21న అక్కడి కుర్రాళ్లు పాత బరువు సైకిళ్లతో ఒక మట్టిదారి మీద నుంచి కిందికి పందెం పెట్టుకున్నారు. ఆ పందేనికి రీప్యాక్ అని పేరు. ఆ సైకిళ్లకి వెనక హబ్బులోనే బ్రేకు, పెడలు వెనక్కి తొక్కితే పడేది. కిందికి దిగేసరికి హబ్బులో గ్రీజంతా కాలి పొగైపోయేది, మళ్లీ కూరాలి. అందుకే ఆ పేరు. పదేళ్లు గడవకముందే అక్కడ నడిచేవాళ్లకీ, గుర్రాలవాళ్లకీ, సైకిళ్లవాళ్లకీ ఝగ్డా మొదలైంది. సన్నటి కాలిబాటల్లో సైకిళ్లు నిషేధించారు, వెడల్పు దారుల్లో గంటకి 15 మైళ్లకి మించొద్దన్నారు. దారులు మూసుకుపోతుంటే సైకిళ్లవాళ్లు 1988లో ఒక అంతర్జాతీయ సంఘం పెట్టుకుని, తమ తమీజ్ తామే రాసుకున్నారు. మా ఖాలా కూతురు ఫ్రీమాంట్‌లో ఉంటుంది. అక్కడి కొండ మొదట్లో ఉండే పసుపు త్రికోణం బోర్డు ఫోటో పంపింది. సైకిలు నడిచేవాడికి దారివ్వాలి, ఇద్దరూ గుర్రానికి దారివ్వాలి. అంతే ఉంది దాంట్లో. నేను దాన్ని మా లెక్కలోకి మార్చుకున్నాను: సైకిలు మనిషికి దారివ్వాలి, ఇద్దరూ గేదెకి దారివ్వాలి.

ఇంగ్లండులో 1968లో చట్టం చేసి గుర్రపు దారుల్లోకి సైకిళ్లని రానిచ్చారు, కాకపోతే నడిచేవాళ్లకీ గుర్రాలకీ దారివ్వాలనే షరతు మీద. స్కాట్లండులో 2003లో ఇంకా ముందుకి పోయి, చాలావరకు భూముల మీద ఎవరైనా నడవొచ్చు, తొక్కొచ్చు అన్నారు, బాధ్యతగా ఉన్నంతవరకే. ఎక్కడ చూసినా అదే జోడీ. హక్కు పక్కనే హద్దు.

మన దగ్గర చట్టం పుస్తకంలో లేకపోయినా ఈ తమీజ్ తెలియనిది కాదు. కోటప్పకొండ తిరునాళ్లకి శివరాత్రినాడు ప్రభలు బయల్దేరతాయి. తాటిచెట్లని మించిన ఎత్తు. ప్రభ వస్తుంటే కరెంటు తీగలు విప్పుతారు, బస్సులు ఆగుతాయి, కారులో ఎంత పెద్దమనిషున్నా దిగి నిలబడతాడు. నేను కూడా చిన్నప్పటి నుంచి అబ్బా భుజం మీద కూర్చుని చూసినవాణ్నే. ఎవరి హక్కు ఎంతని అక్కడ ఎవరూ గొలుసు తెచ్చి కొలవరు. పెద్దది వస్తుంటే అందరూ ఆగుతారు. రోజువారీ డొంకలో ఆగాల్సింది చిన్నదాని కోసం, అదొక్కటే తేడా. మోపు మోసే ఆమె కోసం, మేకపిల్ల కోసం, ఆరబోసిన మిరపకాయ కోసం.

కొండవీడు ఘాట్ రోడ్డు మీద కూడా ఇదే మాట. ఎక్కేటప్పుడు మన ఊపిరే మనల్ని అదుపులో పెడుతుంది. దిగేటప్పుడు అదుపు మన వేళ్లలో ఉండాలి. బ్రేకుని ఒకేసారి బిగించి పట్టుకోకుండా, పట్టి వదులుతూ, మలుపుకి ముందే వేగం తగ్గించుకోవాలి. ఆదివారం పూట పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుని స్కూటర్ల మీద వచ్చే కుటుంబాలు మలుపు అవతల ఉంటాయి. కోతికి పండు పెడుతూ రోడ్డు మధ్యలో నిలబడే పసివాడుంటాడు. రెడ్డిరాజుల కోట చూడ్డానికి వచ్చిన వాళ్లకి మన వేగం చూపించాల్సిన జరూరత్ లేదు.

మా జట్టు ఇప్పుడు కొన్ని ఉసూళ్లు పెట్టుకుంది. చెవుల్లో పాటలు ఉండవు. గంట దూరం నుంచే, దగ్గరకొచ్చాక సలామో నమస్కారమో. కల్లం కనపడితే దిగి నడక. డొంక దాటి చేలోకి చక్రం పోకూడదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కల్లాలున్న రెండు డొంకల్లోకి అసలే పోం, కాలువ కట్ట చాలు. ఎవరు ఆపినా ఆగి, హెల్మెట్టు తీసి, ముఖం చూపించి మాట్లాడాలి. సంచిలో ఒక కత్తెర, చేతి తొడుగులు. రోజుకి కనీసం ఒక్క కంపైనా దారిలోంచి తీసి గట్టు మీద వేయాలి. ఈ ఆఖరిది భాంజా పెట్టిన రూలు. వాళ్ల నానా గారి లెక్క వాడికి ఎవరు చెప్పారో నాకు తెలీదు, బహుశా అమ్మీ అయ్యుంటుంది.

పంట చేతికొచ్చాక అవతలి మేనమామ మాట ప్రకారం మూడున్నర అడుగులు వదిలాడు. ఆసామి వైపు ఇంకా జరగలేదు. అల్లుడికి నెలకొకసారి ఫోను చేస్తున్నాను, గుర్తు చేయడానికే తప్ప గొడవకి కాదు. వచ్చే ఫసలీకల్లా అవుతుందంటున్నాడు. ఇన్షా అల్లా. కాకపోతే ఆ 31 మంది ఆడవాళ్లు ఉన్నారు, సంచిలో కాగితాలూ ఉన్నాయి.

దోస్తులూ, మీ ఊరి డొంక ఇప్పుడు ఎన్ని అడుగులుంది? ఎప్పుడైనా కొలిచి చూశారా? సచివాలయంలో అడిగితే నకలు ఇస్తారు. కొలిచేటప్పుడు ముందు మీ చేను వైపు నుంచి మొదలెట్టండి.

ఖుదా హాఫిజ్.